స్పానర్ పట్టే చేతికి మల్టీమీటరూ కావాలి

ఇంజిన్ శబ్దం వినే జబ్బు చెప్పగల మేస్త్రీలకు ఇప్పటికీ గిరాకీ ఉంది. కానీ 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాక చాలా కొత్త బైకుల్లో కూడా కార్బ్యురేటర్ల స్థానంలోకి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. ఇప్పుడు బండి మొరాయిస్తే స్కానర్ తగిలించి కోడ్ చదవాల్సిందే. ఆ కోడ్ తేడా ఎక్కడుందో చూచాయగా చెబుతుందంతే. సెన్సార్ పాడైందా, వైరు తెగిందా, కనెక్టర్‌లో నీళ్లు చేరాయా అన్నది మల్టీమీటర్‌తో తేల్చాల్సింది టెక్నీషియనే. ఆ పని రానివాళ్లు ఒక్కో పార్టూ మార్చుకుంటూ పోతారు. బిల్లు పెరుగుతుంది, కస్టమర్ మళ్లీ రాడు.

ఏ కోర్సు?

పదో తరగతి పాసైనవారికి ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్ల ట్రేడ్, మెకానిక్ డీజిల్ ఏడాది ట్రేడ్. కొన్నిచోట్ల మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్ కూడా ఉంది. పాలిసెట్ రాసి ఆటోమొబైల్ డిప్లొమాలో చేరితే మూడేళ్లు. తర్వాత ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఐటీఐలో చేరేముందు ఆ ట్రేడ్‌కు ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. వర్క్‌షాప్‌కి వెళ్లి, పిల్లల చేత ఇంజిన్ విప్పించి బిగింపజేస్తున్నారా, స్కానర్ వాడనిస్తున్నారా అని సీనియర్లను అడగండి.

అప్రెంటిస్‌షిప్ ఎక్కడ?

ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌షిప్ వదులుకోవద్దు. ఆర్టీసీ డిపోల్లో పెద్ద డీజిల్ ఇంజిన్లు, ఎయిర్ బ్రేకుల పని వస్తుంది. కంపెనీ సర్వీస్ సెంటర్లలో లోపం పట్టుకునే పని అలవడుతుంది. పెనుకొండ దగ్గరి కియా, జహీరాబాద్ మహీంద్రా వంటి ఫ్యాక్టరీల్లో క్రమశిక్షణ, నాణ్యతా పద్ధతులు నేర్చుకోవచ్చు. కాకపోతే అసెంబ్లీ లైన్‌లో చేసిన పనే చేస్తుంటారు. రిపేర్లే మీ దారి అనుకుంటే సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి.

ఎలక్ట్రిక్ బండ్లతో జాగ్రత్త

ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీలు చాలావరకు 300 వోల్టులు దాటి ఉంటాయి. నారింజ రంగు కేబుల్ కనిపిస్తే అది హై వోల్టేజ్. శిక్షణ లేకుండా, ఇన్సులేటెడ్ గ్లవుజులు లేకుండా, సరఫరా ఆపకుండా దాని మీద చెయ్యి వెయ్యకూడదు.

తొలి ఉద్యోగంలో జీతం వెయ్యి తక్కువైనా సరే, వైరింగ్ పనులు మీ చేతికిచ్చే చోటే చేరండి. వాటర్ వాష్, ఆయిల్ మార్పిడి దగ్గరే రెండేళ్లు గడిపేస్తే, మూడో ఏడాది జీతం పెంచమని అడగడానికి మీ దగ్గర కొత్త పనేమీ ఉండదు.