పాత చలువ కళ్ళద్దాలకు కొత్త లెన్సులు

ఫ్రేము బాగానే ఉంది, లెన్సుల మీదే గీతలు పడ్డాయి. పారేయడానికి మనసొప్పదు. అమెరికాలో చాలా మోడళ్ళకు లెన్సులు విడిగా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఆర్డరిచ్చే ముందు మూడు విషయాలు చూసుకోండి.

మొదటిది కొలత. సాధారణంగా కాడ లోపలివైపు మోడల్ నంబరు, పక్కనే 58-14 లాంటి అంకెలు ఉంటాయి. 58 లెన్సు వెడల్పు, 14 రెండు లెన్సుల మధ్య దూరం, మిల్లీమీటర్లలో. రేబాన్ ఏవియేటర్ ఆర్‌బీ 3025నే తీసుకోండి: 55, 58, 62 సైజుల్లో వస్తుంది. కాబట్టి మోడల్, సైజు రెండూ కావాలి.

రెండవది అతినీలలోహిత కిరణాలు. లెన్సు ఎంత నల్లగా ఉంటే అంత రక్షణ అని నేనూ చాలాకాలం అనుకున్నాను. అది పొరపాటు. నలుపు తగ్గించేది కంటికి కనిపించే వెలుగునే. వెలుగు తగ్గితే కంటిపాప విచ్చుకుంటుంది. లెన్సు ఆ కిరణాలను ఆపకపోతే అవి ఇంకా ఎక్కువగా లోపలికి వెళతాయి. అందుకే 400 నానోమీటర్ల వరకు ఆపే "యూవీ 400" లెన్సులే తీసుకోండి. 8 శాతం కన్నా తక్కువ వెలుగును పంపే లెన్సులు డ్రైవింగుకి పనికిరావు.

మూడవది పోలరైజేషన్. రోడ్డు మీద, నీళ్ళ మీద పడి వచ్చే మెరుపును ఇది తగ్గిస్తుంది. పరీక్ష మీ ఆఫీసు బల్ల మీదే ఉంది: ఎల్‌సీడీ మానిటర్ ముందు లెన్సును మెల్లగా తిప్పండి. ఒక కోణంలో తెర నల్లబడితే అది పోలరైజ్డ్ లెన్సే. యూవీ సంగతి మాత్రం మానిటర్ చెప్పలేదు. అనుమానముంటే కళ్ళద్దాల షాపులో మీటరుతో చూపించుకోండి.