బంగారంలో బంగారం ఎంత?



పోయిన ఏడాది మా నాన్నకు జ్వరం ఎక్కువైతే అమ్మ తన చెవి కమ్మలు అమ్మింది. నేనూ వెంట వెళ్లాను. కొట్టాయన కమ్మను నల్లరాయి మీద గీసి, చుక్క యాసిడ్ వేసి, "ఇందులో రాగి ఎక్కువమ్మా" అని మేలిమి ధరలో సగమే ఇచ్చాడు. "ఎంత ఎక్కువ?" అని అమ్మ అడగలేదు. నాకూ అడగాలని తెలియలేదు. తర్వాత సైన్సు సార్‌ని అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

కొలత: మేలిమి బంగారం మెత్తగా ఉంటుంది. నగ గట్టిగా ఉండాలంటే రాగి, వెండి కలపాలి. కలపడం తప్పు కాదు, ఎంత కలిపారో చెప్పకపోవడం తప్పు. మొత్తాన్ని 24 భాగాలు చేస్తే అందులో బంగారం ఎన్ని భాగాలో అన్ని క్యారెట్లు. 22 క్యారెట్లంటే వెయ్యిలో 916 వంతులు. 18 అయితే 750 వంతులు.

పరీక్షలు:

1. గీటురాయి: గీత మీద నత్రికామ్లం వేస్తే రాగి కరుగుతుంది, బంగారం కరగదు. మిగిలిన గీతను తెలిసిన బంగారం గీతతో పోలుస్తారు. ఇది కంటి అంచనా మాత్రమే.

2. నిప్పు పరీక్ష: చిన్న ముక్కను తూచి, వెండి, సీసం కలిపి ఎముకల బూడిద గిన్నెలో కరిగిస్తారు. సీసం రాగిని తీసుకుని గిన్నెలోకి ఇంకిపోతుంది. వెండిని నత్రికామ్లంలో కరిగించి, మిగిలిన బంగారాన్ని మళ్లీ తూస్తారు. ఇదే గట్టి లెక్క.

వాయువును గీసి చూడలేం కదా! దాన్ని యంత్రాలతో పరీక్షించి వంతుల్లోనే చెబుతారు. సిలిండర్ నత్రజనికి "5.0" అని ఉంటే ఐదు తొమ్మిదులు, అంటే 99.999 శాతం. లక్షలో ఒక్క వంతే వేరేది.

ఇప్పుడు మా లెక్క చూడండి. కమ్మలు 4 గ్రాములు. 18 క్యారెట్లయినా 3 గ్రాముల బంగారం ఉండాలి. సగం ధర ఇచ్చాడంటే 12 క్యారెట్లని లెక్కగట్టినట్టు. నిజంగా అంతేనా? చూద్దామంటే కమ్మలు లేవు.

కనుక మిత్రులారా, నగ కొంటే హాల్‌మార్క్ చూడండి. బి.ఐ.ఎస్. గుర్తు, 916 లాంటి అంకె, ఆరక్షరాల నంబరు ఉండాలి. 2 గ్రాముల లోపు ముక్కుపుడకలకు ముద్ర తప్పనిసరి కాదు. అందుకే బిల్లు మీద క్యారెట్లు, బరువు రాయించుకోండి. అమ్మేటప్పుడు "వెయ్యిలో ఎన్ని వంతులు?" అని అడగండి. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఈ ఒక్క ప్రశ్న మీ అమ్మలకు నేర్పండి. మా అమ్మకు నేను నేర్పాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి