గొడుగు కదలలేదు

ఐపీఎల్ మొదలైన రోజు మన హాల్లో టీవీ పెడితే డీడీ స్పోర్ట్స్‌లో ఇంకేదో వస్తోంది. పొద్దున్న డాబా మీద బట్టలారేసిన ఏడో తరగతి చెల్లే డిష్ గొడుగు కదిపేసిందని అందరం దాన్ని తిట్టాం. నేనూ తిట్టాను. అది అన్నం తినకుండా పడుకుంది. మన కోనసీమ గాలికి గొడుగు కదలడం మామూలే గానీ, కదిలితే అన్ని ఛానళ్లూ పోవాలి కదా! ఆ మాట అప్పుడు ఎవరికీ తట్టలేదు. తర్వాత సోషల్ సారుని అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

మ్యాచ్ చూపించే హక్కుని క్రికెట్ బోర్డు వేలం వేసి అమ్ముతుంది. కొన్నవాళ్లే చూపించాలి. 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్‌కి మన దేశం వైపు టీవీ హక్కు ఒక్కటే 23,575 కోట్ల రూపాయలు. మన లెక్కల పుస్తకంలో కూడా అంత అంకె చూడలేదు. అంత పెట్టి కొన్నవాళ్లు ఊరికే ఎందుకిస్తారు?

పూర్వం దూరదర్శన్ ఒక్కటే చూపించేది. 1993లో హీరో కప్పు పోటీలప్పుడు బెంగాల్ క్రికెట్ సంఘం ఆ హక్కుని విదేశీ కంపెనీకి ఇచ్చింది. గొడవ సుప్రీంకోర్టుకి వెళ్లింది. గాలిలో పోయే తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరి 9న తీర్పు వచ్చింది. ఆ ముగ్గురు జడ్జీల్లో బి.పి.జీవన్ రెడ్డి గారు మన తెలుగువారే.

2007 జనవరిలో వెస్టిండీస్ వాళ్లు వచ్చినప్పుడు, హక్కు కొన్న నింబస్ కంపెనీ దూరదర్శన్‌కి లైవ్ ఇవ్వనంది. ఏడు నిమిషాలు ఆలస్యంగా ఇవ్వమని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఏడు నిమిషాలంటే ఓవరు దాటిపోతుంది. పక్కింట్లో సిక్సరని అరిచాక మనం చూడాలన్నమాట! ఆ ఏడే చట్టం చేశారు. దేశానికి ముఖ్యమైన ఆటల్ని దూరదర్శన్‌కి ఇచ్చి తీరాలి. దాని మీద వచ్చే ప్రకటనల డబ్బులో రూపాయికి ముప్పావలా తగ్గకుండా హక్కుదారుకి పోతుంది. ఇండియా ఆడే వన్డేలు, టీ20లు, ప్రపంచకప్పు సెమీఫైనల్సు, ఫైనలు ఆ జాబితాలో ఉన్నాయి. ఐపీఎల్ లేదు. అందుకే రాలేదు.

ఇంకో తిరకాసు ఉంది. అమలాపురంలో మా స్నేహితురాలి ఇంట్లో కేబుల్ ఉంది. ఇండియా మ్యాచ్ రోజు వాళ్ల డీడీ స్పోర్ట్స్‌లో వేరే కార్యక్రమం వచ్చిందట, మనకేమో మ్యాచ్ వచ్చింది. దూరదర్శన్‌కి ఇచ్చే మ్యాచ్ దాని సొంత యాంటెన్నాకీ, ఫ్రీ డిష్‌కీ మాత్రమేనని 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు కట్టేవాళ్లకి లేనిది మన గొడుగులో ఉంది!

తరంగాలు ప్రజలవైతే ఐపీఎల్ ఎందుకు రాదని సారుని అడిగాను. అది దేశం జట్టు ఆడేది కాదన్నారు. నాకింకా సరిగ్గా నచ్చలేదు.

ఈ కాగితం ముందు చెల్లికి చదివి వినిపించి, తర్వాతే గోడకి అంటించాను. ఈసారి నిజంగానే గొడుగు కదిలితే డాబా నేనెక్కుతాను.