ఒడ్డున కూర్చునే వంతు

చి.ల.సౌ. అమ్మాయికి,

మీ అత్తయ్య ఆశీర్వదించి రాసేది. కార్తీకమాసం రెండో ఆదివారం పిల్లల్ని తీసుకుని సూర్యలంక సముద్రానికి వస్తున్నామని నువ్వు చెప్పినప్పటి నుంచి ఇంట్లో పండగలా ఉంది. మీ మామయ్య అప్పుడే సున్నుండలకి మినుములు తెప్పించారు. నాకు మాత్రం ఈ ఉత్తరం రాస్తే గానీ మనసు కుదుటపడదు. ఫోన్లో చెబితే "సరే అత్తయ్యా, చూసుకుంటాంలే" అనేస్తావు. కాగితం మీద ఉంటే అల్లుడు కూడా చదువుతాడు.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. మీ పెద్దబావకి ఆరేళ్లప్పుడు ఇలాగే కార్తీక వనభోజనాలకి సూర్యలంక వెళ్లాం. మూడు కుటుంబాలం, పెద్దవాళ్లమే పదకొండు మందిమి. సరుగుడు తోట నీడలో చాపలు పరిచి నేను పులిహోర వడ్డిస్తున్నాను. పిల్లాడి దగ్గర మీ మామయ్య ఉన్నారని నేననుకున్నాను. నా దగ్గరున్నాడని ఆయన అనుకున్నారు. తల్లీతండ్రీ ఉన్నారు కదా అని తక్కినవాళ్లు అనుకున్నారు. అంతలో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన చేతిలోది కింద పడేసి నీళ్లలోకి పరుగెత్తాడు. ఎందుకో మాకెవరికీ అర్థం కాలేదు. ఆయన పోతున్న వైపు చూస్తే మా వాడి తల కనబడింది. తల వెనక్కి వాలిపోయి ఉంది. నోరు నీళ్ల మీదకి వస్తోంది, మునుగుతోంది, మళ్లీ వస్తోంది. జుట్టు కళ్ల మీద పడినా తోసుకోవడం లేదు. చేతులు రెండు పక్కలా చాపి, లేని నిచ్చెన ఎక్కుతున్నట్టు నీటిని కిందికి నొక్కుతున్నాడు. కేక లేదు, ఏడుపు లేదు. మేము నవ్వుకుంటూ తింటున్న చాపకీ వాడికీ మధ్య యాభై అడుగులుంటుందేమో.

ఆ పెద్దాయన పుణ్యమా అని వాడు బతికాడు. ఆ కంగారులో ఆయన పేరైనా అడగలేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు ఉంటుంది.

మునిగేవాళ్లు కేకలు వేస్తారని, చేతులు ఊపుతారని మనం సినిమాలు చూసి అనుకుంటాం. ఊపిరి అందడమే గగనమైనప్పుడు కేక ఎక్కడి నుంచి వస్తుందమ్మా? చిన్నపిల్లలైతే నిమిషం లోపే అడుగుకి పోతారు. ఫోనెత్తి ఒక మెసేజ్ చదివే వ్యవధి చాలు. అందుకే "అందరం చూస్తూనే ఉంటాం" అనే మాట మీద నాకు నమ్మకం పోయింది. ఆ రోజు మేం పదకొండు మందిమి ఉన్నాం, కాపలా మాత్రం ఎవరూ లేరు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. పిల్లలు నీళ్ల దగ్గరున్నంత సేపూ ఒక మనిషి భుజం మీద ఎర్ర తువ్వాలు ఉంటుంది. అది ఉన్న మనిషికి వడ్డన లేదు, కబుర్లు లేవు, ఫోను వేరేవాళ్ల చేతిలో ఉంటుంది. పావుగంటకో ఇరవై నిమిషాలకో వంతు మారుతుంది. అసలు ప్రమాదం జరిగేది ఆ మార్చుకునేటప్పుడే. కాబట్టి "ఇదిగో, ఇద్దరూ అక్కడున్నారు, ఇక నీదే" అని నోటితో చెప్పి, అవతలివాళ్లు "సరే, నాదే" అన్నాకే తువ్వాలు ఇవ్వాలి. ఇక చంటిదాని సంగతి. మూడేళ్ల పిల్లకి ఒడ్డు మీద కాపలా చాలదు. చెయ్యి చాపితే అందేంత దూరంలో, నీళ్లలోనే మీలో ఒకరు ఉండాలి. దానికి నువ్వు కొన్న లేత నీలం గౌను ఎంత ముద్దుగా ఉన్నా ఆ రోజుకి వద్దు. ఆ రంగు నీళ్లలో కలిసిపోయి కనబడదు. ఎరుపో, నారింజో వెయ్యి. గాలి ఊదే రింగులు కూడా తేవద్దు. అవి ఆటవస్తువులు. ఒడ్డు నుంచి సముద్రం వైపు గాలి వీస్తే పిల్లతో సహా లోపలికి కొట్టుకుపోతాయి.

సముద్రం గురించి ఒక్క విషయం బాగా గుర్తు పెట్టుకో. అలలు విరుగుతున్న చోట్ల మధ్య ఒక్కోసారి విరగని పాయ ఒకటి కనబడుతుంది. అక్కడ నీళ్లు కాస్త ముదురు రంగులో ఉంటాయి, నురగ లోపలికి పోతుంటుంది. "ఇక్కడ నెమ్మదిగా ఉంది" అని తల్లులు పిల్లల్ని సరిగ్గా అక్కడే దింపుతారు. ఒడ్డుకి వచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అది. దాన్నే రిప్ కరెంట్ అంటారు. గజఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. అది అడుక్కి లాగదు, లోపలికి మాత్రమే లాగుతుంది. అల్లుడికి ఈత వచ్చు కాబట్టి అతనికి చెప్పు: చిక్కితే ఒడ్డు వైపు ఈదకుండా, వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి, వీలైతే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, ఆ పాయ దాటాక అలలతో పాటు బయటికి రావాలి. కార్తీకమంటే బంగాళాఖాతంలో తుపానుల కాలం. మీ హైదరాబాదులోనే ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ అలల హెచ్చరికలు ఇస్తుంది. బయల్దేరే ముందు చూడు. పోలీసులు వద్దన్న రోజు ఇసుకలోనే ఆడుకుందాం, పిల్లలకి ఇసుకే ఎక్కువ ఇష్టం.

మన పేపర్లలో చదువుతుంటావు కదా, ఒకరిని కాపాడబోయి ఇద్దరు, ముగ్గురు పోయారని. అన్నిటికన్నా కడుపుకోత అదే. ఒకరు కొట్టుకుపోతుంటే ఉత్త చేతులతో దూకకూడదు. మనం పిక్నిక్కి ఎలాగూ ఇరవై లీటర్ల నీళ్ల క్యాను తెస్తాం. ఖాళీ అయ్యాక మూత గట్టిగా బిగించి, పొడవాటి తాడు కట్టి ఒడ్డున పెట్టుకుందాం. మనిషి పట్టుకుని తేలడానికి అది చాలు. అదీ లేకపోతే చీర విసరవచ్చు, కర్ర అందించవచ్చు. అల్లుడి స్నేహితులు కూడా వస్తారంటున్నావు. మందు ముట్టినవాళ్లు ఆ రోజు నీళ్లలోకి దిగకూడదు, తువ్వాలు ముట్టకూడదు. ఆ మాట నువ్వు చెప్పలేకపోతే నేనే చెబుతాను, నాకేం మొహమాటం లేదు.

భగవంతుడి దయవల్ల అవసరం రాకూడదు గానీ, బయటికి తీసిన పిల్ల ఊపిరి తీసుకోకపోతే ఏం చెయ్యాలో మీ ఇద్దరూ ముందే నేర్చుకోండి. మా రోజుల్లో కాళ్లు పట్టుకుని తలకిందులు చేసేవాళ్లు, పొట్ట నొక్కి నీళ్లు కక్కించేవాళ్లు. రెండూ తప్పే, ఉన్న సమయం పోతుంది. గట్టి నేల మీద పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముందు ఐదు సార్లు నోటితో ఊపిరి ఊదాలి. చలనం లేకపోతే ఛాతీ మధ్య 30 నొక్కులు, 2 ఊపిరులు, మళ్లీ 30, 108 బండి వచ్చేదాకా. తేరుకున్నా సరే, బాపట్ల తీసుకొచ్చి డాక్టరుకి చూపించాల్సిందే. ఊపిరితిత్తుల్లోకి నీరు పోయి ఉంటే కొన్ని గంటల తర్వాత ఆయాసం రావచ్చు.

వచ్చే ఏడు పాపికొండలు కూడా చూద్దాం అన్నావు. 2019 సెప్టెంబరులో ఆ దారిలోనే కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగిన పడవని పైకి తీయడానికి నెల దాటింది. నది పోటు మీదుంటే టికెట్ డబ్బులు పోయినా ఎక్కవద్దు. ఎక్కితే, పిల్లల కొలతకి సరిపోయే లైఫ్ జాకెట్ వేసి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడు. గడ్డం దాటి జారిందంటే అది వాళ్లది కాదు. నదుల దగ్గర ఇంకో జాగ్రత్త కూడా ఉంది. 2014లో హిమాచల్‌లో బియాస్ నదిలో మన హైదరాబాదు పిల్లలు 24 మంది ఫొటోలు దిగుతూ కొట్టుకుపోయారు. అప్పుడు వాన లేదు, పైన డ్యాము నీళ్లు వదిలారు. డ్యాము కింద ఎండిన బండరాళ్ల మీదికి పిల్లల్ని ఎప్పుడూ తీసుకెళ్లకు.

శనివారం రాత్రికే మా ఇంటికి వచ్చేయండి. పొద్దున్నే ఎండ ఎక్కకముందే బయల్దేరదాం. నాకు మోకాళ్ల నొప్పులు, నీళ్లలోకి ఎలాగూ దిగను. మడత కుర్చీ వేసుకుని కూర్చుంటాను. మొదటి వంతు తువ్వాలు నాకివ్వు.

మీ అత్తయ్య