ట్రాక్టరు టైరు మార్చినచో వేగము లెక్క సరిచూచుకొనుడు

ట్రాక్టరు వెనుక టైర్లు అరిగిపోయినపుడు కొత్తవి వేయించుట తప్పని ఖర్చు. ఆ సమయమున పాత సైజు దుకాణములో దొరకకనో, పొలములో పట్టు బాగుండునన్న ఆశతోనో కొందరు ఒక సైజు పెద్ద టైరు వేయించుచుందురు. "రిమ్ము 28 అంగుళములే కదా, తేడా ఏముండును?" అని అడుగుదురు. తేడా ఉన్నది. అది కలుపు మందు చల్లిన మడిలో బయటపడును.

టైరు ప్రక్కన 13.6-28 అని ఉన్నచో మొదటి అంకె టైరు వెడల్పును, రెండవది రిమ్ము వ్యాసమును అంగుళములలో తెలుపును. దాని స్థానమున 14.9-28 వేసినచో రిమ్ము మారదు గాని, వెడల్పుతో పాటు టైరు ఎత్తు కూడ పెరుగును. చక్రము ఒక చుట్టు తిరుగునప్పటికి ట్రాక్టరు మునుపటికన్న ఎక్కువ దూరము పోవును. మీ ఎదుటనున్న మీటరుకు ఈ సంగతి తెలియదు. చాల ట్రాక్టర్లలో అది ఇంజను చుట్లను మాత్రమే చూపును. ఏ గేరులో గంటకు ఎన్ని కిలోమీటర్లు అను పట్టికను కంపెనీవారు తాము బిగించి ఇచ్చిన టైరును బట్టియే వేసినారు. వేగమును అంకెలలో చూపు కొత్త ట్రాక్టర్లలో కూడ చుట్టుకొలత ముందుగానే అమర్చబడి ఉండును. కొన్నిటిలో దానిని మార్చుకొను వీలున్నది, మెకానిక్కును అడుగవలెను.

పాత టైరు ఊడదీయక ముందే దాని చుట్టుకొలత తీసికొనుట మంచిది. వ్యాసమును కొలిచి 22/7 చేత గుణించిన చాలదు, ఎందుకనగా బరువు క్రింద టైరు కొంత అణగియుండును. గాలి సరిగా పట్టించి, గట్టి చదును నేలమీద, నేలను తాకుచున్నచోట టైరుకు సుద్దతో గుర్తు పెట్టుడు. ట్రాక్టరును తిన్నగా పది చుట్లు నడిపి, పోయిన దూరమును టేపుతో కొలిచి పదిచేత భాగించుడు. కొత్త టైరుకును ఇట్లే చేయుడు.

పాతది 3.80 మీటర్లు, కొత్తది 4.00 మీటర్లు వచ్చినదనుకొందము. పట్టిక ప్రకారము 4 కిలోమీటర్ల వేగమని మీరు తలచునపుడు ట్రాక్టరు 4.2 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును. ఇది స్వల్పమే కదా అనిపించును. ఇప్పుడు 6 మీటర్ల బూమ్ స్ప్రేయరు తగిలించి చూడుడు. గంటకు 4 కిలోమీటర్ల చొప్పున నిమిషమునకు 400 చదరపు మీటర్లు తడియును. ఎకరమునకు, అనగా 4,047 చదరపు మీటర్లకు, పది నిమిషములకు పైచిలుకు పట్టును. నాజిళ్ళన్నియు కలిసి నిమిషమునకు 20 లీటర్లు వదలినచో ఎకరాకు 202 లీటర్లు పడును. టైరు మారిన తరువాత ఇంజను చుట్లు అవే, పంపు వదలునదీ అంతే. కాని ఎకరము తొమ్మిదిన్నర నిమిషములకే ముగియును. పడునది 192 లీటర్లే. ఎకరము మందును 200 లీటర్లలో కలిపిన రైతు, ఆ మందులో కొంత ట్యాంకులోనే మిగుల్చుకొని ఇల్లు చేరును. చిన్న టైరు వేసినవానికి ఇందుకు విరుద్ధముగా మందు ఎక్కువై, పైరు మాడు ప్రమాదము కలదు.

అయితే ఈ లెక్క ఒక్కదానినే నమ్ముకొనరాదు. అరిగిన టైరు చుట్టుకొలత తగ్గును. రెండు సెంటీమీటర్ల మందము అరిగినచో చుట్టుకు పన్నెండు సెంటీమీటర్లకు పైగా పోవును. దున్నిన మెత్తని నేలలో చక్రము జారుట వలన నూటికి పది చుట్లు వృథా యగుట సామాన్యము. టైరు సైజు చేసిన తేడాకన్న జారుడు చేయు తేడా ఎక్కువైనను ఆశ్చర్యము లేదు. కనుక మందు చల్లబోవు పొలములోనే పరీక్షింపవలెను. ట్యాంకు సగము నింపి, 50 మీటర్ల దూరమున రెండు కర్రలు పాతుడు. కొంచెము వెనుకనుండి బయలుదేరి, చల్లునప్పటి గేరులోనే, ఇంజను చుట్లు మార్చక నడిపి, కర్రకు కర్రకు నడుమ పట్టిన సెకండ్లు చూడుడు. 180ని ఆ సెకండ్లచేత భాగించినచో గంటకు కిలోమీటర్లు వచ్చును. 45 సెకండ్లయినచో 4 కిలోమీటర్లు. సెల్‌ఫోనులో చూపు వేగము రోడ్డుమీద పనికివచ్చును గాని, ఇంత నెమ్మది నడకకు టేపు, గడియారములే నమ్మకము.

వేగము తెలిసిన పిమ్మట ఎకరాకు పడు నీరెంతో లెక్కవేసి, ఎకరము మందును అంత నీటిలోనే కలుపుడు. 192 లీటర్లు పడుచున్నచో 192 లీటర్లలో కలుపవలెను. వేగము తగ్గించుటకై ఇంజను చుట్లు తగ్గించినచో పంపు వదలు నీరును మారును. అప్పుడు మరల కొలువక తప్పదు.

విత్తు గొర్రు సంగతి వేరు. విత్తనమును వదలునది గొర్రుకున్న నేల చక్రమైనచో ట్రాక్టరు టైరు మారినను విత్తన మోతాదు మారదు. ఆ చిన్న చక్రమును మార్చినపుడే చిక్కు. 30 సెంటీమీటర్ల ఎడముగల తొమ్మిది సాళ్ళ గొర్రుకు 1.50 మీటర్ల చుట్టుకొలత చక్రమున్నచో, ఎకరమునకు సుమారు వెయ్యి చుట్లు తిరుగును. ఊరి వర్క్‌షాపులో 1.65 మీటర్లది చేయించినచో ఎత్తు పెరుగునది 5 సెంటీమీటర్లే, కంటికి ఆనదు. కాని చుట్లు 908కి దిగును. ఎకరాకు 60 కిలోల వేరుశనగ గింజలు పడవలసినచోట అయిదున్నర కిలోలు తగ్గును. సాళ్ళలో సందులు మొలకెత్తిన తరువాత గాని కనబడవు, అప్పటికి పదును దాటిపోవును. పాత చక్రమునకైనచో గొర్రును పైకెత్తి నూరు చుట్లు త్రిప్పి, పడిన గింజలను తూచుడు. అవి ఎకరా మోతాదులో పదవ వంతు ఉండవలెను. కొత్త చక్రమునకు 91 చుట్లు త్రిప్పి తూచవలెను.

నాలుగు చక్రములకును పట్టు ఉండు ట్రాక్టరు గలవారు వెనుక టైర్ల సైజు మాత్రమే మార్చరాదు. ముందు, వెనుక చక్రముల చుట్లు పరస్పరము సరిపోవునట్లు గేర్లు అమర్చబడియుండును. ఆ పొత్తు చెడినచో ముందు టైర్లు త్వరగా అరుగును, గేర్లపై భారము పడును.

మోటారు సైకిలు, జీపులలో కూడ పెద్ద టైరు వేసినచో అసలు వేగము పూర్వముకన్న పెరుగును, మీటరు మాత్రము పాత అంకెనే చూపును. తిరిగిన కిలోమీటర్లు కూడ తక్కువగా నమోదగును గనుక, పెట్రోలుకు మైలేజి తగ్గినదని మెకానిక్కు వద్దకు పరుగెత్తుటకు ముందు టైరు అంకె చూచుకొనుడు.

కొలిచిన చుట్టుకొలతను, తేదీని, ఏ గేరులో 50 మీటర్లకు ఎన్ని సెకండ్లు పట్టినదో ట్రాక్టరు మడ్‌గార్డు లోపలి వైపున రంగుతో వ్రాసియుంచినచో, అద్దెకు నడుపు డ్రైవరుకు కూడ తెలియును.