ఖగోళ డేటాకు ఏ సాఫ్ట్‌వేర్?
టెలిస్కోపుల డేటా ఎక్కువగా ఫిట్స్ ఫార్మాట్‌లో ఉంటుంది. 1981 నాటి ఈ ఫార్మాట్‌లో చిత్రంతోపాటు దాన్ని ఏ పరికరం, ఎప్పుడు, ఆకాశంలో ఎటు చూసి తీసిందో కూడా నమోదు చేయొచ్చు. సాఫ్ట్‌వేర్ మాత్రం తరంగదైర్ఘ్యాన్ని బట్టి మారుతుంది. పుణె సమీపంలోని జీఎంఆర్‌టీ టెలిస్కోపు (45 మీటర్ల వ్యాసంగల 30 యాంటెన్నాలు) రేడియో డేటాకు కాసా వాడతారు. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ30 మోసుకెళ్లిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం ఎక్స్‌రే డేటాకు నాసా రూపొందించిన హీసాఫ్ట్ పనికొస్తుంది. దృశ్యకాంతి విశ్లేషణలో దశాబ్దాలపాటు ఏలింది అమెరికాలో పుట్టిన ఐరాఫ్. ఇప్పుడు చాలామంది పైథాన్ ఆధారిత ఆస్ట్రోపైకి మారారు.

కొత్తవారు ఆస్ట్రోపైతోనే మొదలుపెట్టడం మేలు. అది ఉచితం, కోడ్ తెరిచి ఉంటుంది కాబట్టి ఫలితం ఎలా వచ్చిందో ఎవరైనా తరచి చూడొచ్చు. పరిశోధనకు ఇంతకంటే ముఖ్యమైనది లేదు.