ఆ బంటు ఎందుకు జరిగింది?

వేములఘాట్‌లో ఉన్నన్నాళ్లూ చదరంగంలో నాకు ఎదురుగా కూర్చునేది ఇద్దరే. ముగ్గురికీ తెలిసిన ఆరంభం ఒకటే: రాజు ముందరి బంటు రెండు గళ్లు, ఎదుటివాడిదీ రెండు గళ్లు, ఆ వెనక గుర్రాలు. మల్లన్నసాగర్ జలాశయంలో ఊరు మునిగి గజ్వేల్ దగ్గరి కాలనీకి వచ్చాక, ఇంటర్ చదివే ఓ పిల్లగాడు ఆటకు దొరికాడు. నేను అలవాటుగా రెండు గళ్లు జరిపితే వాడు ఒక్క గడే జరిపాడు. ఆ ఆరంభమే ఫ్రెంచ్ డిఫెన్స్. వరసగా తొమ్మిది ఆటలు పోయాయి.

నన్ను ఓడించిన ఓపెనింగ్‌నే నేర్చుకోవాలనుకున్నాను. ఫోన్‌లో చూసి ఎనిమిది ఎత్తులు కంఠతా పట్టి, నల్లపావులు తీసుకున్నాను. మూడో ఎత్తుకే వాడు బంట్లు మార్చుకున్నాడు. నేను పట్టిన వరసలో అది లేదు.

"కాకా, ఎత్తులు యాద్ చేస్తే గింతే. గా బంటు ఎందుకు జరిపినవో చెప్పు ముందుగాల."

చెప్పలేకపోయాను. ఈ వయసులో, ఊరూవాడా కొత్తైన చోట, పిల్లగాడి ముందు తెలియదని ఒప్పుకోవడం ఓడిపోవడం కన్నా కష్టమనిపించింది. అయినా ఒప్పుకున్నాను. అసలు నేర్చుకోవడం ఆ రోజే మొదలైంది.

ఫ్రెంచ్‌లో తెల్లబంటు ఐదో వరసకు దూసుకొస్తే దానికి అండ వెనకున్న మంత్రి బంటు. నల్లవైపు బంటు, గుర్రం, మంత్రి కలిసి ఆ అండ మీదికే పోతాయి. బంట్ల గొలుసును దాని మొదలు దగ్గరే కొట్టాలని నిమ్జోవిచ్ 'మై సిస్టమ్' పుస్తకంలో వివరించింది ఇదే. ఇది తెలిశాక ఎత్తులు వాటంతటవే గుర్తొచ్చాయి.

అయితే ఒకనాడు అండగా ఉన్న ఆ బంటు ఊరికే దొరికినట్టు కనపడింది. గుర్రంతో కొట్టాను. వాడి గుర్రం నా గుర్రాన్ని కొట్టింది, నా మంత్రి దాన్ని కొట్టింది. వెంటనే వాడి బిషప్ పక్కకు తప్పుకుంటూ నా రాజుకు చెక్ చెప్పింది. దాని వెనకున్న మంత్రి నా మంత్రిని తీసేసింది. ముందే నా బిషప్‌ను ఒక్క గడి జరిపి ఉంటే ఆ చెక్కే లేదు. సొంత బంట్ల వెనక ఇరుక్కుంటుందని ఫ్రెంచ్ ఆడేవాళ్లు విసుక్కునే బిషప్ అదే! ఆ రాత్రి నోట్‌బుక్‌లో రాసుకున్నాను: "కొట్టే ముందు, పని లేని పావు ఏదో చూడు." ఓడిన ప్రతి ఆటకూ ఇలా ఒక్క వాక్యం రాస్తున్నాను.

ఎత్తులు యాద్ చేస్తే చాలదని పెద్ద ఆటగాళ్లను చూసినా అనిపిస్తుంది. హనుమకొండలో పెరిగిన అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్‌లో 2800 రేటింగ్ దాటాడు. ఏ ఓపెనింగ్‌తో దిగుతాడో ఎదుటివాళ్లకు ముందుగా అంతుపట్టదు. అంత ధైర్యం వట్టి జ్ఞాపకశక్తితో రాదని నా నమ్మకం. అదే ఏడాది సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీలో డింగ్ లిరెన్ ఫ్రెంచ్ డిఫెన్స్‌తోనే గుకేశ్‌ను మొదటి ఆటలో ఓడించాడు. పద్నాలుగో ఆట ముగిసేసరికి ప్రపంచ విజేత గుకేశ్.

నిన్న సాయంత్రం పిల్లగాడు మళ్లీ మూడో ఎత్తుకు బంట్లు మార్చుకున్నాడు. ఈసారి నా బిషప్‌కు దారి తెరుచుకోవడం కనపడింది. ఆట డ్రా అయింది. వాడు పావులు సర్దుతూ, "ఇంకోటి ఆడుదమా కాకా" అన్నాడు.